మీదుగా వెళ్ళేవాడు

ఆయన్ని డిపోలో అందరూ చిటపట అంటారు. మొహం మీద అనరు, ఆ ధైర్యం ఎవరికీ లేదు. ఎదురుపడితే కండక్టర్‌గారూ అంటారు, అటు తిరగ్గానే చిటపట వచ్చాడ్రోయ్ అని ఒకరినొకరు గిల్లుకుంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, ఏళ్ళ తరబడి ఆయనతో ఒకే బస్సు మీద డ్యూటీ చేస్తున్న డ్రైవరే. కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడతాడని పెట్టాడు.

ఆ కోపం ఊరికే వచ్చేది కాదు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను చూస్తే వస్తుంది. ముసలివాళ్ళు నిలబడి ఉండగా సీట్లో నిద్ర నటించేవాళ్ళను చూస్తే వస్తుంది. జేబులో చిల్లర గలగలలాడుతుండగా పెద్ద నోటు చాపేవాళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. కానీ ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక ప్రశ్న మాత్రం ఎవర్నీ అడగలేదు. ఎక్కడికి అని అడుగుతాడు, ఎందుకు అని అడగడు. ఎక్కడికో తెలిస్తే టికెట్ కొట్టొచ్చు. ఎందుకో తెలుసుకుని కండక్టర్ చేసేదేముంది? పెళ్ళికి వెళ్ళేవాడికీ అదే సీటు, అప్పులవాళ్ళకు దొరక్కుండా పారిపోయేవాడికీ అదే సీటు.

ఒకసారి చెకింగ్‌కి వచ్చిన ఇన్‌స్పెక్టర్, వెనక సీట్లో మాసిన బట్టలతో కూర్చున్న ఒక మనిషిని చూసి మొహం చిట్లించాడు. టికెట్ చూశాడు, సరిగ్గానే ఉంది. అయినా దింపెయ్యమన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాడు కండక్టర్.

"చూస్తే తెలియట్లేదా? దొంగ వాలకం. ఎవరి జేబో కొట్టేస్తాడు."

"నేను టికెట్ కొట్టింది ప్రయాణానికి సార్, వాలకానికి కాదు. జేబు కొట్టాక చెప్పండి, అప్పుడు నేనే మెడపట్టి దింపుతాను."

ఇన్‌స్పెక్టర్ ఊరుకుంటాడా? మెమో ఇచ్చాడు, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. కండక్టర్ భార్య చాన్నాళ్ళు దెప్పింది. ఆ మాసిన బట్టల మహానుభావుడు తన స్టాపులో దిగి, కనీసం వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అయినా మన చిటపట ఆ ముచ్చట ఎప్పుడు చెప్పినా తలెత్తుకునే చెబుతాడు.

ఆయనకున్న ఇంకో గొప్ప, బస్సులు కలపడం. వాళ్ళ రూటు మధ్యలో పెద్ద జంక్షనుంది. ఎక్కినవాళ్ళలో సగం మంది అక్కడ దిగి వేరే బస్సు పట్టుకోవాల్సినవాళ్ళే. ఏ బస్సు ఆలస్యంగా నడుస్తోందో, ఏది ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. "అమ్మా, మీరు ఆ పెద్ద బస్సు కోసం చూడకండి. దాని వెనకే చిన్నదొస్తుంది, అదెక్కితే చీకటి పడకముందే ఇంట్లో ఉంటారు" అన్నాడంటే ఆమె చీకటి పడకముందే ఇంట్లో ఉండాల్సిందే. ఈలోగా జంక్షన్లో బెంచీలుంటాయి, ఫ్యానుంటుంది, కుళాయి ఉంటుంది. అక్కడ కూర్చున్నవాణ్ణి నువ్వెవరివని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. లోకంలో మధ్యలో దిగి మారే చోటంటే అలాగే ఉంటుందని ఆయన నమ్మకం. చివరికి ఆయన కొంప ముంచింది ఆ నమ్మకమే.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడిదింకా నిక్కర్లు వేసుకునే వయసు. అన్నే స్నానం చేయించాడు, అన్నే బడికి తీసుకెళ్ళాడు, మాట వినకపోతే అన్నే వీపు విమానం మోత మోగించాడు. పెద్దయ్యాక తమ్ముడు వెల్డింగ్ నేర్చుకుని, సముద్రం అవతల ఓడలు కట్టే దేశంలో పనికి కుదిరాడు. పెళ్ళాం, ఇద్దరు చిన్నపిల్లలు ఇక్కడే, అన్నగారి ఇంటికి రెండు సందుల అవతల ఉంటారు. సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడిది ఒకటే గోల.

"అన్నయ్యా, బతుకంతా ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరిగావు. ఒక్కసారి నా దగ్గరికి రా. వంద బస్సులు పట్టే ఓడ చూపిస్తా."

"అందులో కండక్టర్ ఉంటాడా?"

"ఉండడు."

"అయితే ఇంకేం చూస్తానురా అందులో."

అలా అంటూనే వెళ్ళి ఫొటో దిగాడు. తమ్ముడే దగ్గరుండి పాస్‌పోర్టు తీయించాడు. అది బీరువాలో చీరల కింద చేరింది, అక్కడే ఉండిపోయింది.

ఏ దేశం పాస్‌పోర్టు ఎంత గట్టిదో చెప్పే జాబితా ఒకటి పేపర్లో పడుతుంటుంది. ఒక రోజు డిపోలో టీ తాగుతూ డ్రైవర్ ఆ జాబితా ముందేసుకుని మన దేశం పేరు కోసం వేలితో వెతుకుతున్నాడు.

"కింది నుంచి వెతకరా, తొందరగా దొరుకుతుంది" అన్నాడు కండక్టర్.

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వడానికేం, అప్పటికి ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఓడ పక్కన వేలాడుతున్న ఇనుప రేకు జారి తమ్ముడి కాలి మీద పడింది. మోకాలి కింద అంతా నుజ్జయింది. కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే, మరదలు చిన్నదాన్ని చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రెండు సందులూ దాటి పరిగెత్తుకొచ్చింది.

"బావగారూ, ఆయన కాలు తీసెయ్యాలంటున్నారు. ఆయనేమో ఒప్పుకోవట్లేదట. మా అన్నయ్య వచ్చేదాకా ఒంటి మీద కత్తి పడనివ్వనని కూర్చున్నారట."

కండక్టర్ తమ్ముడికి ఫోన్ చేశాడు. వాడి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"అన్నయ్యా, వీళ్ళు చెప్పేది నాకు సగమే అర్థమవుతుంది. ఆ మిగతా సగంలో ఏముందోనని భయంగా ఉంది. నువ్వొచ్చి పక్కన నిలబడు. అప్పుడు కాలే తీస్తారో తలే తీస్తారో తీసుకోనీ."

"నోర్ముయ్. డాక్టర్ చెప్పినట్టు విను. నేను బయల్దేరుతున్నా."

"నువ్వొచ్చాకే వింటా."

మొండితనం ఆ ఇంటి ఆస్తి, ఇద్దరికీ సమానంగా పంచారు. కొద్ది రోజులు మందులతో ఆపగలమని, ఆ తర్వాత విషం పైకి పాకుతుందని డాక్టర్ కంపెనీ మనిషితో చెప్పించాడు. మరదలికి పాస్‌పోర్టు లేదు. ఉన్నది కండక్టర్‌కే. ఆయన వెళ్ళాలి, త్వరగా వెళ్ళాలి. అంతకు మించి ఇందులో తేల్చుకోవాల్సిందేమీ లేదు.

ఓడల దేశం మర్యాదగానే ప్రవర్తించిందని చెప్పాలి. ఆసుపత్రి కాగితం, కంపెనీ కాగితం చూపించగానే వీసా చేతిలో పెట్టింది. ఇక మిగిలింది టికెట్. టికెట్ల ఏజెంటు కంప్యూటర్లో చూసి, నేరుగా వెళ్ళే విమానం లేదన్నాడు. ఒకటేమో వారానికోసారి వెళ్ళేది, ఊళ్ళన్నీ చుట్టి తీసుకెళ్తుంది గానీ ఎక్కడా దిగి మారక్కర్లేదు, రేపు పొద్దున్నే ఉంది. ఇంకోటి రేపు మధ్యాహ్నం, దగ్గర దారి, మధ్యలో ఒక్క దేశంలో మారితే చాలు. దాన్ని మనం మధ్య దేశం అనుకుందాం.

"దగ్గరదే కొట్టు" అన్నాడు కండక్టర్.

"కొడతానండీ. కాకపోతే మధ్యలో ట్రాన్సిట్ సంగతి మీరు చూసుకోవాలి."

"మారడమేగా? దిగి ఎక్కడం నాకు నేర్పుతావా నువ్వు? ఎంతమందిని మార్పించానో నాకే లెక్క తెలీదు."

ఏజెంటుకు అప్పుడే ఇంకో ఫోన్ వచ్చింది. ఈయన వాలకం చూసి అన్నీ తెలిసిన మనిషే అనుకుని టికెట్ కొట్టేశాడు. ఏ ఉపాధ్యాయుడో గుమాస్తానో అయితే ట్రాన్సిట్ అంటే ఏమిటని అడిగేవాడేమో. జంక్షన్లో బతికినవాడు గనక ఈయన అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో, కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి పాస్‌పోర్టు తిరగేసి, మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది.

"సార్, ట్రాన్సిట్ వీసా?"

కండక్టర్ దర్జాగా ఓడల దేశం వీసా ఉన్న పేజీ తీసి చూపించాడు.

"ఇది మీరు చేరే దేశానికి సార్. మధ్యలో మారే దేశానిది?"

"మధ్యలో దేశంలో నాకు పనేముందమ్మా? దిగుతాను, బెంచీ మీద కూర్చుంటాను, ఎక్కుతాను."

"ఆ బెంచీ మీద కూర్చోడానికే సార్ వీసా కావాలి."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. ఊళ్ళోకి వెళ్ళనంటున్నా, గేటు దాటనంటున్నా, మంచినీళ్ళు కూడా అడగనంటున్నా, ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కాస్త పక్కకు నిలబడమంది. ఆయన వెనకున్న మనిషి వేరే రంగు పాస్‌పోర్టు తీసిచ్చాడు. అదే విమానం, అదే మార్పు. చిటికెలో పని అయిపోయింది.

"ఆయన్ని అడగలేదేం?"

"ఆ పాస్‌పోర్టుకి అక్కర్లేదు సార్."

"ఏం, ఆయన కూర్చునే బెంచీ వేరా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా అత్తయ్యను కూడా ఇలాగే వెనక్కి పంపేశారు సార్. నాకు మాత్రం బాగుంటుందా? కానీ మిమ్మల్ని ఎక్కిస్తే మా విమానాల కంపెనీ మీద జరిమానా వేస్తారు, నన్ను ఇంటికి పంపిస్తారు."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకు. అయినా ఆ పిల్ల మీద అరవలేకపోయాడు. టికెట్ ఉన్నవాణ్ణి బండి ఎక్కనివ్వకపోవడం ఆయన తన కళ్ళతో చూడ్డం అదే మొదలు, పైగా ఆ ఎక్కనివ్వనిది తననే. చుట్టుతిరుగుడు విమానం పొద్దున్నే వెళ్ళిపోయింది. మళ్ళీ వారం దాకా లేదు. దానికీ ఒక సీటు చెప్పి పెట్టి, ఏది ముందు దొరికితే అదే ఎక్కుదామని, అటునుంచి అటే మధ్య దేశం వీసా ఆఫీసుకు బయల్దేరాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఆ ఆఫీసు ఒక బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర ఫోన్ లాక్కున్నారు. తమ్ముడు చేస్తాడేమో ఉండనివ్వమంటే, రూలు అన్నాడు గార్డు. లోపల కుర్చీల నిండా జనం. ఇళ్ళల్లో గట్టిగా మాట్లాడేవాళ్ళే అందరూ, ఇక్కడ మాత్రం ఆసుపత్రిలో కూర్చున్నట్టు గుసగుసలాడుతున్నారు. తప్పు చేయనివాళ్ళకు కూడా భుజాలు తడుముకునే బుద్ధి పుట్టించే చోటది. పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం సాయంత్రమైంది.

అద్దం వెనక కూర్చున్నది టై కట్టుకున్న కుర్రవాడు. తెల్లవాడూ కాదు, పరాయివాడూ కాదు, మనవాడే, మన మాటే. మధ్య దేశం మొహం వాడూ చూసి ఉండడు.

"సొంతిల్లు ఉందాండీ?"

"ఉంది. దానికీ నా తమ్ముడి కాలికీ సంబంధం ఏమిటి?"

"ఫారంలో ఉందండీ. మీరు ఆ దేశంలో ఉండిపోరని రుజువు కావాలి."

"బాబూ, నేను ఆ దేశానికి వెళ్ళట్లేదు. దాని మీదుగా వెళ్తున్నాను. మీదుగా వెళ్ళేవాడు ఎక్కడైనా ఉండిపోతాడా?"

"ఉండిపోయేవాళ్ళూ ఉంటారండీ."

"తమ్ముణ్ణి ఆసుపత్రిలో పెట్టుకుని నేను ఎయిర్‌పోర్టులో దాక్కుంటానా? దాక్కుని ఏం చేస్తాను? అక్కడి బాత్రూములు కడుగుతానా?"

ఆ కుర్రవాడు నవ్వలేదు. "అలా చేసినవాళ్ళూ ఉన్నారండీ" అన్నాడు, నిజంగానే అన్నాడు.

"పైన అర్జెంటని రాశాను, చూశావా?"

"చూశానండీ. అందరూ అదే రాస్తారు."

పది వేళ్ళూ గాజు పలక మీద ఆనించమన్నారు. ఆనించాడు. కళ్ళద్దాలు తీసి కెమెరా వైపు చూడమన్నారు. చూశాడు. ఇంటి పన్ను కాగితం, జీతం కాగితం, పెళ్ళి కాగితం, ఆసుపత్రి కాగితం, అన్నీ ఇచ్చాడు. దొంగ వాలకం ఉన్నవాణ్ణి బస్సు దించనన్న మనిషి, తన వాలకం దొంగది కాదని మూడు రోజులపాటు కాళ్ళకు బలపం కట్టుకుని కాగితాలు మోశాడు. ఇంకొకడైతే ఏడ్చేవాడు. ఈయన దారి పొడవునా తిట్టుకుంటూ తిరిగాడు. తిట్లన్నీ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నాలుగో రోజు పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది. అందులో ఒక చీటీ. డిపోలో బస్సు పక్కన నిలబడి డ్రైవర్ దాన్ని చదివి వినిపించాడు. దరఖాస్తుదారు తన ప్రయాణం కొనసాగించి మా భూభాగం విడిచి వెళతాడన్న విషయంలో మాకు సంతృప్తి కలగలేదు.

"ఏం కలగలేదట?" అన్నాడు కండక్టర్.

"సంతృప్తి."

"మనవాడి కాలు కుళ్ళుతుంటే వీళ్ళకు సంతృప్తి కావాలట్రా."

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. ఏం నేరం చేశాడని అడగాలి వాళ్ళను. ఎవరి జేబు కొట్టాడు, ఎవరి గోడ దూకాడు? ఒక తల్లి కడుపున, ఒక ఊళ్ళో, ఒక జెండా కింద పుట్టాడు. పుట్టేముందు జాబితా చూపించి ఎక్కడ పుడతావని ఎవరైనా అడిగారా? ఇంకో తల్లి కడుపున పుట్టినవాడు కునుకు తీస్తూ దాటిపోయే బెంచీ దగ్గర ఈయన ఆస్తిపాస్తులు, పెళ్ళి పుస్తకం, పది వేళ్ళ ముద్రలు పరిచి చూపించినా చాలలేదు. దీన్ని రూలు అంటారట. మా చిన్నప్పుడు వేరే మాట అనేవాళ్ళు.

ఆ మధ్యాహ్నమే కంపెనీ మనిషి నుంచి ఫోన్ వచ్చింది. జ్వరం తగ్గట్లేదు, విషం తొడ దాకా పాకింది, ఇక ఒక్క పూట కూడా ఆగకూడదంటున్నారు డాక్టర్లు. పేషెంటు మాత్రం అన్నయ్య వచ్చేదాకా సంతకం పెట్టనంటున్నాడు. ఆ తర్వాత ఫోన్ తమ్ముడి చేతికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్?"

కండక్టర్ తన ఇంట్లో, మంచం అంచు మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో మరదలు, ఆమె భుజం పట్టుకుని భార్య. ఆయన గోడ వైపు తిరిగాడు.

"మధ్య దేశంలో దిగానురా. బెంచీ మీద కూర్చున్నా. ఇంకో విమానం ఎక్కితే నీ దగ్గరే."

"నిజంగానా?"

"నేనెప్పుడైనా ఎవర్నైనా తప్పుడు బస్సు ఎక్కించానా? నువ్వు సంతకం పెట్టెయ్. కళ్ళు తెరిచేసరికి పక్కన ఉంటా."

"అక్కడ ఎలా ఉంది?"

"ఏముంది, మన జంక్షన్ లాగే ఉంది. కాస్త శుభ్రం ఎక్కువ."

తమ్ముడు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, సరే అన్నయ్యా, నీకోసం చూస్తుంటా అన్నాడు. సంతకం పెట్టాడు. లోపలికి తీసుకెళ్ళారు. కాలు తీశారు గానీ, ఆలస్యమైపోయింది. వాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

తమ్ముణ్ణి ఇంటికి పంపే ఏర్పాట్లు కంపెనీయే చేసింది. ఎయిర్‌పోర్టు వెనక సరుకులు దించే షెడ్డు ఉంటుంది, అక్కడికి రమ్మన్నారు. కండక్టర్, డ్రైవర్ ఒక వ్యాను మాట్లాడుకుని వెళ్ళారు. షెడ్డులో యంత్రాల పెట్టెలు, చుట్టలు చుట్టిన తివాచీలు, వాటి మధ్య ఒక పొడవాటి పెట్టె. పక్కన బల్ల మీద కాగితాలు పెట్టుకుని ఒక గుమాస్తా. చెడ్డవాడేం కాదు, వీళ్ళను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏ దారిన వచ్చాడు?" అని అడిగాడు కండక్టర్. బస్సు దిగినవాళ్ళను ఇన్నేళ్ళుగా అడిగిన నోరు కదా.

గుమాస్తా కాగితం చూసి మధ్య దేశం పేరు చెప్పాడు. "నిన్న సాయంత్రం అక్కడ దించారు పెద్దాయనా. ఇవాళ పొద్దున విమానానికి ఎక్కించారు. రాత్రంతా అక్కడే ఉంది పెట్టె."

డ్రైవర్ ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన విదిలించుకున్నాడు. తను ఉన్నానని తమ్ముడికి అబద్ధం చెప్పిన చోట తమ్ముడే ఒక రాత్రంతా ఉండి వచ్చాడు.

"వీసా ఉందా?"

"ఎవరికండీ?"

"లోపలున్నవాడికి. వాడిదీ నా దేశం పాస్‌పోర్టే. మధ్యలో మారాడుగా, ట్రాన్సిట్ వీసా ఉండాలిగా. ఎవరూ అడగలేదా? సొంతిల్లు ఉందా, వెనక్కి వెళ్తావా, అక్కడే ఉండిపోవని రుజువేంటని?"

దుఃఖంలో మతి చలించిందనుకున్నాడు గుమాస్తా. మెల్లగా, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "పోయినవాళ్ళకి అవేమీ అక్కర్లేదు పెద్దాయనా."

అన్ని రోజులూ అరిచి అరిచి బొంగురుపోయిన ఆ గొంతు అప్పుడు లేవలేదు. పక్కనున్న డ్రైవర్‌కి కూడా అంతంత మాత్రంగానే వినబడింది.

"అంటే, చస్తే గానీ మనల్ని నమ్మరన్నమాట."

గుమాస్తా కాగితం ఆయన ముందుకు జరిపాడు. పెన్ను చేతికిచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.